గుండె డాక్టరు దారి ఎంత పొడవుండాలి?

ఎంబీబీఎస్ సీటు చేతికి రాకముందే సూపర్ స్పెషాలిటీ పేరు ఖాయం చేసుకోవడం మన ఇళ్లలో మామూలైపోయింది. విశాఖలో బైపీసీ చదివే పిల్లల్ని కదిపితే కార్డియాలజీ మాట ముందు వరసలోనే వినిపిస్తుంది. ఆ మాట చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న తగవులు మాత్రం చాలా ఉన్నాయి. ఇన్నేళ్ల చదువు అవసరమా అని కొందరు, ఇంత చదివినవాడు మన్యంలో ఎందుకుంటాడని కొందరు, స్టెంట్లు వేయడమే గుండె వైద్యమా అని ఇంకొందరు అడుగుతున్నారు. ఏ వాదానికావాదం విడిగా వింటే సబబుగానే ఉంటుంది. పక్కపక్కన పెట్టినప్పుడే తకరారు.

ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకాదళం ఉన్న ఊరు విశాఖ. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకూ, తూర్పు కనుమల మన్యానికీ, సరిహద్దు అవతల కోరాపుట్‌కూ పెద్దాసుపత్రి అంటే ఇక్కడి కింగ్ జార్జి ఆసుపత్రే (కేజీహెచ్). అందుకే ఈ చిక్కుముడిని విశాఖ నుంచి చూస్తే పోగులు కాస్త విడిగా కనిపిస్తాయి.

మందుల డాక్టరు చేతికి గొట్టం వచ్చిన వైనం

1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ల డాక్టరు తన చేతి సిరలోంచి సన్నటి గొట్టాన్ని గుండె దాకా తోసుకున్నాడు. ఆ గొట్టంతోనే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి ఫొటో తీయించుకున్నాడు. 1956లో నోబెల్ వచ్చేనాటికి ఆయన యూరాలజీ ప్రాక్టీసు చేసుకుంటున్నాడు. గుండె వైద్యానికి తలుపు తీసినవాడు గుండె డాక్టరు కాకపోవడం విడ్డూరమే. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ పూడుకుపోతున్న గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో వెడల్పు చేశాక ఈ వృత్తి తీరే మారిపోయింది. అంతవరకూ ఫిజీషియన్ పని రోగిని చూసి, విని, మందు రాయడం. ఇప్పుడు దానికి చేతిపని తోడైంది. చేతిపని పుస్తకంతో రాదు, పదిమంది గురువుల పక్కన నిలబడితేనే వస్తుంది. శిక్షణ ఎన్నేళ్లుండాలన్న ఇవాళ్టి తగవుకు మొదలు అక్కడే ఉంది.

మన దేశంలో డాక్టర్ ఎస్. పద్మావతి ఢిల్లీ లేడీ హార్డింజ్ కళాశాలలో 1954లోనే గుండె జబ్బుల క్లినిక్ నడిపారు. మాథ్యూ శామ్యూల్ కళారిక్కల్ 1986లో మొదటి బెలూన్ చికిత్స (యాంజియోప్లాస్టీ) చేశారు. తెలుగునాట ఈ విద్యకు పుట్టిల్లు హైదరాబాద్ నిమ్స్ అనాలి. దాన్ని సూపర్ స్పెషాలిటీ సంస్థగా నిలబెట్టిన రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావు ఎంబీబీఎస్ చదివింది మన ఆంధ్ర వైద్య కళాశాలలోనే. నిమ్స్‌లో దాసరి ప్రసాదరావు ఓపెన్ హార్ట్ సర్జరీకి, బి. సోమరాజు గొట్టంతో గుండె నాళాలను చూసి సరిచేసే క్యాథ్ ల్యాబ్ విద్యకు పేరు తెచ్చారు. సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి 1990లలో చవక స్టెంటు తయారుచేయించారు. 1997లో సోమరాజు బృందం కేర్ ఆసుపత్రి పెట్టింది. ప్రభుత్వ సంస్థలో పండిన నైపుణ్యం కార్పొరేట్ ఆసుపత్రికి తరలడం అప్పటినుంచే ఒక బాటగా స్థిరపడింది. 1991లో పుట్టపర్తిలో సత్యసాయి సంస్థ ఉచిత గుండె ఆపరేషన్లు మొదలుపెట్టడం, 1993లో తిరుపతి స్విమ్స్ తెరుచుకోవడం ఇదే కాలంలో సాగిన వేరే దారులు.

విశాఖ కథ ఇంకాస్త పాతది. 1923లో విజాగపటం మెడికల్ కాలేజీగా మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల 2023లో నూరేళ్లు నింపుకుంది. నేడు అక్కడ గుండె వైద్యంలో సూపర్ స్పెషాలిటీ పట్టా అయిన డీఎం కార్డియాలజీ ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషన్ బిల్లు కట్టేది ఎవరన్న లెక్క తలకిందులైంది. పేదవాడి బైపాస్‌కు, స్టెంటుకు ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రికి డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. పథకం పేరు ప్రభుత్వాన్నిబట్టి మారింది, పద్ధతి మాత్రం నిలిచింది. రోగులకు మేలు జరిగిందన్న మాట కాదనలేం. కార్డియాలజిస్టుకు ప్రైవేటులో గిరాకీ పెరిగిందన్నదీ అంతే నిజం. కార్డియాలజీ కెరీర్ ఇంత ఆకర్షణీయం కావడంలో ప్రభుత్వ సొమ్ము వాటా ఎంతన్న ప్రశ్న మాత్రం చర్చల్లోకి అరుదుగా వస్తుంది.

వయసు, ర్యాంకు, రూపాయి

ఇంటర్ అయ్యేసరికి 17, 18 ఏళ్లు. లాంగ్‌టర్మ్ కోచింగ్ ఒక ఏడాది. హౌస్ సర్జన్సీతో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు. పీజీ ఎంట్రన్స్‌కు మళ్లీ ఒకటి రెండేళ్లు. ఎండీ జనరల్ మెడిసిన్ మూడేళ్లు. ఆ తర్వాత సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్, డీఎం మూడేళ్లు. డీఎంకు పిల్లల వైద్యం, ఊపిరితిత్తుల వైద్యంలో పీజీ చేసినవాళ్లకూ అర్హత ఉంది. ఆసుపత్రుల్లో చేసే డీఆర్ఎన్‌బీ కార్డియాలజీ దీనికి సమాన మార్గం. ఎక్కడా తడబడకపోయినా చేతికి డిగ్రీ వచ్చేసరికి ముప్ఫై దాటుతుంది. తోటి బీటెక్ స్నేహితుడు అప్పటికి ఫ్లాటు లోను సగం తీర్చి ఉంటాడు.

పరీక్ష పద్ధతి మీదా గొడవలు తక్కువేం కాదు. రాజ్యాంగంలోని 371-డి అధికరణ నీడలో ఆంధ్ర, తెలంగాణల సూపర్ స్పెషాలిటీ సీట్లు స్థానికులకే ఉండేవి. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును కొట్టేయలేదు కానీ ఉన్నత వైద్యవిద్యలో ఇలాంటి ప్రత్యేకాలు పోవాలన్న అభిప్రాయాన్ని గట్టిగానే చెప్పింది. 2017లో నీట్ ఎస్ఎస్ వచ్చింది, పోటీ దేశవ్యాప్తమైంది. దీనివల్ల విశాఖ విద్యార్థికి వెల్లూరు వంటి బయటి రాష్ట్రాల దారులు తెరుచుకున్నాయి. విశాఖ సీట్లో చేరేవాడు ఉత్తరాంధ్రవాడే అయివుండాలన్న భరోసా పోయింది. డీఎం ముగియగానే బయటివాడు ఊరికి వెళ్లిపోతే కేజీహెచ్‌కు మిగిలేదేమిటని స్థానికవాదులు అడుగుతారు. ప్రతిభకు సరిహద్దులేమిటని అవతలివాళ్లంటారు. 2021లో పరీక్ష దగ్గర పడ్డాక ప్రశ్నపత్రం తీరు మార్చబోతే సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని మందలించింది. మార్పు మరుసటి ఏడాదికి వాయిదా పడింది. ముప్ఫై ఏళ్ల వయసులో కూడా పరీక్ష నిబంధనల కోసం కోర్టు మెట్లెక్కాల్సి రావడం ఈ వృత్తికి మాత్రమే దక్కిన గౌరవం.

ఇక డబ్బు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రైవేటు ఎంబీబీఎస్‌కు ఏడాదికి కన్వీనర్ కోటాలో 15 వేలు, బి కేటగిరీలో 12 లక్షలు, సి కేటగిరీలో 36 లక్షలు ఖరారు చేసింది. 2023లో విజయనగరంతో సహా కొత్తగా తెరిచిన ఐదు ప్రభుత్వ వైద్య కళాశాలల్లోనూ రాష్ట్ర వాటా సీట్లలో సగం సెల్ఫ్ ఫైనాన్స్, ఎన్నారై కోటాలకు కేటాయించడం పెద్ద రగడైంది. ఈ గొడవను పేద, ధనిక విద్యార్థుల మధ్య న్యాయంగానే చూస్తారు. దాని రెండో ముఖాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎంబీబీఎస్‌కే కోటి దగ్గర పెట్టిన కుటుంబం డీఎం అయ్యాక ప్రభుత్వ జీతానికి సరేనంటుందా? ఫీజు ఎంతన్నది ఖరారయ్యేటప్పుడే ఆ డాక్టరు రేపు ఏ ఊళ్లో కూర్చుంటాడో సగం ఖరారైపోతోంది.

పొడవు తగ్గించకూడదన్నవారు

పూర్తి శిక్షణ పక్షం వాదం సూటిగా ఉంటుంది. మణికట్టు దగ్గర రెండు మిల్లీమీటర్ల దారిలోంచి తీగ పంపి, కొట్టుకుంటున్న గుండె మీది నాళంలో స్టెంటు విప్పే పని ఇది. నాళం చిరిగితే నిమిషాలే గడువు. అందుకే ముందు మంచి ఫిజీషియన్ కావాలి, ఆ తర్వాతే కార్డియాలజిస్టు. రోగికి షుగరు, కిడ్నీ, ఊపిరితిత్తులు అన్నీ ఉంటాయి, గుండె ఒక్కటే కాదు. అమెరికాలోనూ మెడిసిన్ రెసిడెన్సీ మూడేళ్లు, కార్డియాలజీ ఫెలోషిప్ మూడేళ్లు, స్టెంట్ల శిక్షణకు ఇంకో ఏడాది. బ్రిటన్‌లో ఇంకా పొడవు. అక్కడ స్థిరపడ్డ తెలుగు కార్డియాలజిస్టులను చూపి, నాణ్యతకు దగ్గరిదారి లేదని ఈ పక్షం అంటుంది.

ఈ వాదానికి ఉన్న బలమే దాని లోపం కూడా. స్టెంటు వేసే చేయికి ఇంత శిక్షణ కావాలన్నది నిజం. గుండె రోగికి అవసరమయ్యే పనులన్నిటికీ అదే చేయి కావాలన్నది నిరూపణ కాని మాట.

మధ్యదారి పట్టినవారు

2006లో ఇగ్నో విశ్వవిద్యాలయం రెండేళ్ల క్లినికల్ కార్డియాలజీ పీజీ డిప్లొమా మొదలుపెట్టింది. ఎంబీబీఎస్ డాక్టర్లకు పెద్ద గుండె ఆసుపత్రుల్లో శిక్షణ ఇచ్చి, ఎకో, ఈసీజీ, గుండెపోటు ప్రథమ చికిత్స నేర్పి, స్టెంట్ల జోలికి పోకుండా జిల్లాల్లో నిలపడం దాని ఉద్దేశం. దేవి శెట్టి వంటి సర్జన్లు గట్టిగా వెనకేసుకొచ్చారు. భారత వైద్య మండలి మాత్రం అప్పట్లో గుర్తింపు ఇవ్వలేదు. వెయ్యిమందికి పైగా డాక్టర్లు చదివి బయటికొచ్చాక కోర్సు ఆగిపోయింది. వాళ్లు ఐసీయూల్లో, క్యాజువాలిటీల్లో కార్డియాలజిస్టు కింద పనిచేస్తూ వచ్చారు, బోర్డు మీద ఆ చదువు పేరు వేసుకోవడానికి మాత్రం అప్పట్లో వీల్లేకపోయింది.

వ్యతిరేకించినవారి భయం కట్టుకథ కాదు. సగం శిక్షణ పొందినవాడు పల్లెకు పోకుండా నగరంలోనే ‘గుండె నిపుణుడు’ అని బోర్డు కడితే రోగికి తేడా తెలిసేదెలా? అయినా ఈ ప్రయోగాన్ని చంపేసిన తీరు నాకు సబబుగా తోచదు. ఏ పని చేయవచ్చో, ఏది చేయకూడదో గీత గీసి లైసెన్సు ఇచ్చే అవకాశం ఉండగా, అసలు గుర్తింపే వద్దనడం జిల్లా ఆసుపత్రులకు నష్టమే చేసింది.

ఇంజెక్షన్ పక్షం

మూడో పక్షం మాట గట్టిగా వినిపించదు, ఉత్తరాంధ్రకు అన్నిటికన్నా దగ్గరిది మాత్రం ఇదే. దాన్ని అర్థం చేసుకోవాలంటే పాడేరు నుంచి చూడాలి.

పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే, అందులో ఘాట్ రోడ్డు. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటులో, ఆసుపత్రి గడప తొక్కిన 90 నిమిషాల్లో బెలూన్ పడాలంటాయి మార్గదర్శకాలు. రోగి మొదట వైద్యసిబ్బంది కంట పడ్డాక 120 నిమిషాల్లో క్యాథ్ ల్యాబ్‌కు చేర్చలేకపోతే, గడ్డను కరిగించే మందు అక్కడికక్కడే ఇవ్వాలి. అంటే పాడేరు, చింతపల్లి, అరకు రోగికి మొదటి గంటలో దక్కగలిగే గుండె వైద్యం కార్డియాలజిస్టుది కాదు, డ్యూటీలో ఉన్న ఎంబీబీఎస్ డాక్టరుది.

ఆ డాక్టరు ముందున్న పని చూడండి. పన్నెండు లీడ్ల ఈసీజీ కాగితం. వీ1 నుంచి వీ4 దాకా గీత గోపురంలా పైకి లేచి ఉంటే గుండె ముందుగోడకు రక్తం ఆగిందని అర్థం. అదే ఎత్తు కొందరు ఆరోగ్యవంతులైన యువకుల్లోనూ కనిపిస్తుంది, గుండె పైపొర వాచినా కనిపిస్తుంది. నిజంగా గుండెపోటే అయితే తర్వాతి ప్రశ్నలు: గతంలో మెదడులో రక్తస్రావమైందా, ఈమధ్య పెద్ద ఆపరేషన్ జరిగిందా, బీపీ మరీ ఎక్కువగా ఉందా? ఏదీ లేదంటే రోగి బరువునుబట్టి లెక్కగట్టి టెనెక్టెప్లేస్ ఒక్క మోతాదుగా సిరలోకి ఎక్కించాలి. ఎక్కించడానికి పది సెకన్లు చాలు. ఎక్కించాలా వద్దా అని తేల్చుకోవడమే అసలు చదువు. తప్పుడు రోగికి ఇస్తే మెదడులో రక్తం కారవచ్చు, ఇవ్వాల్సినవాడికి ఇవ్వకపోతే గుండె కండరం చచ్చిపోతుంది.

2023లో రాష్ట్ర ప్రభుత్వం బయట 40 వేల రూపాయలకు అటూ ఇటూ పలికే ఈ ఇంజెక్షన్‌ను కింది ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చి, ఈసీజీని పెద్దాసుపత్రి నిపుణుడు దూరం నుంచి చూసి చెప్పే హబ్ అండ్ స్పోక్ పద్ధతి తెచ్చింది. మన ప్రాంతానికి హబ్ కేజీహెచ్. ఇందులో కార్డియాలజిస్టు పని ఫోను అవతల మొదలవుతుంది. ఇంజెక్షన్ పనిచేసినా రోగిని 24 గంటల్లోపు యాంజియోగ్రాంకు తేవాలి కనుక క్యాథ్ ల్యాబ్ అవసరం పోదు, వరసలో రెండోది అవుతుంది.

మూడు పక్షాలనూ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది. మొదటిది చేతి నైపుణ్యాన్ని కాపాడుతుంది, దూరాన్ని పట్టించుకోదు. రెండోది దూరాన్ని పట్టించుకుంది, బోర్డు మోసాన్ని ఎలా ఆపాలో చెప్పలేకపోయింది. మూడోది కొత్త డిగ్రీ అడగదు, ఉన్న డాక్టరుకు మందు, ధైర్యం, ఫోను అవతల గొంతు అడుగుతుంది. దాని బలహీనత డ్యూటీ డాక్టరు తరచూ మారిపోవడం.

ఉక్కు నగరం జబ్బులు

ఏ జబ్బులకు డాక్టర్లను తయారుచేస్తున్నామన్నది ఇంకో కొస. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వచ్చాక, దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే, మిగతావాళ్లకన్నా సుమారు ఆరేళ్లు ముందే వస్తోందని తేలింది. గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో 2003–04లో మరణకారణాలు లెక్కగట్టిన అధ్యయనంలో దాదాపు మూడోవంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. పల్లెల్లో గుండెపోటు తక్కువన్న పాత నమ్మకం అక్కడితో పోయింది.

విశాఖలో దీనికి పరిశ్రమ తోడవుతుంది. 20 లక్షల మందికి పైగా ఉన్న 34 అధ్యయనాలను కలిపి చూసిన 2012 బీఎంజే సమీక్షలో, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు గుండెపోటు ముప్పు 23 శాతం ఎక్కువని వచ్చింది. ఏ, బీ, సీ షిఫ్టులతోనే బతుకు లెక్కపెట్టుకునే ఉక్కు కార్మికులకు, రేవు కార్మికులకు ఇది పరాయి సంగతి కాదు. పాతనగరం మీద పడే బొగ్గు ధూళి గొడవ కూడా ఏళ్లనాటిదే. సన్నని ధూళికీ గుండె జబ్బుకూ ఉన్న లంకె వైద్యశాస్త్రం ఒప్పుకున్నదే. మరోవైపు మన్యంలో, బస్తీల్లో గొంతునొప్పితో మొదలై కవాటాలను పాడుచేసే రుమాటిక్ జబ్బు ఉంది. దానికి మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి ఇవ్వాలి. ఈ పనికి క్యాథ్ ల్యాబ్ అక్కర్లేదు, ఏఎన్ఎం చాలు. ఇందులో కీర్తీ లేదు, ప్యాకేజీ సొమ్మూ లేదు, కనుకనే దీని గురించి కెరీర్ గైడెన్స్ సదస్సుల్లో ఎవరూ మాట్లాడరు.

స్టెంటు మీద తగవు

2007లో కరేజ్, 2019లో ఇస్కీమియా అనే పెద్ద పరీక్షలు స్థిరమైన గుండె నొప్పి ఉన్నవాళ్లలో, మంచి మందులు వాడుతుంటే, స్టెంటు ప్రాణాన్ని అదనంగా కాపాడిందని చూపలేకపోయాయి. స్టెంటు వల్ల నొప్పి తగ్గుతుందా అన్నది వేరే సంగతి. 2023లో వచ్చిన ఆర్బిటా-2 తగ్గుతుందనే చెప్పింది. గుండెపోటు వచ్చిన క్షణంలో స్టెంటు విలువ మీద ఎవరికీ సందేహం లేదు. తగవంతా మధ్యలో ఉన్న రోగుల గురించి. మందు రాసి పంపితే కన్సల్టేషన్ ఫీజు, స్టెంటు వేస్తే ప్యాకేజీ అన్న ఏర్పాటులో డాక్టరు మొగ్గు ఎటుంటుందో చెప్పనక్కర్లేదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంటు ధరను 29,600 రూపాయలకు, మామూలు స్టెంటును 7,260కి కట్టడి చేసింది. ధర తగ్గింది. ఎవరికి వేయాలన్న నిర్ణయాన్ని ధర కట్టడి సరిచేయలేదు.

ఖాళీ కుర్చీలు, సీసం ఏప్రాన్లు

డీఎం కార్డియాలజీకి ఇంత పోటీ ఉండగా, పక్క విభాగమైన గుండె ఆపరేషన్ల ఎంసీహెచ్ సీట్లు ఏటా మిగులుతున్నాయి. స్టెంట్లు బైపాస్‌లను కొంత తగ్గించడం, సర్జన్‌గా స్థిరపడటానికి నలభై దాటడం కారణాలు. పసిపిల్లల గుండె రంధ్రాలను ఆపరేషన్‌తో మూసేవాళ్లు కూడా ఈ తోవనే రావాలి కదా, ఆ సంగతి ఖాళీ సీట్ల లెక్కలో కనబడదు.

ఆడపిల్లలు ఎంబీబీఎస్‌లో సగం దాకా ఉన్నా క్యాథ్ ల్యాబ్‌లో తక్కువే. డీఎం ఏళ్లు, పెళ్లి, పిల్లల ఏళ్లు ఒకేసారి పడటం ఒక కారణం. అర్ధరాత్రి పిలుపులు, రేడియేషన్, ఐదారు కిలోల సీసం ఏప్రాన్ తొడుక్కుని గంటలు నిలబడటం మరికొన్ని. పద్మావతి పేరు పాఠాల్లో చెబుతాం, ఆమె దారిలో నడవడానికి వీలుగా డ్యూటీ చార్టు మార్చం.

తేలనివి

ప్రభుత్వ కళాశాలలో చదివినవారిని బాండుతో కొంతకాలం నిలపవచ్చని 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు సమర్థించింది. బాండుతో వచ్చిన కార్డియాలజిస్టును క్యాథ్ ల్యాబ్ లేని చోట కూర్చోబెడితే అతని చేయి మొద్దుబారుతుంది, ల్యాబ్ ఉన్న చోటే పెడితే మన్యానికి ఒరిగేది లేదు. ఈ ముడి ఇంకా విడలేదు. మధ్యస్థాయి గుండె డాక్టర్లకు చట్టబద్ధమైన చోటు ఉండాలా అన్నదీ తెమలలేదు. ఆరోగ్యశ్రీ తరహా పథకం స్టెంటుకు కట్టినట్టే, స్టెంటు అక్కర్లేదని తేల్చి మందులతో ఏడాదిపాటు చూసుకున్న డాక్టరుకూ కట్టాలా అన్న ప్రశ్నను ఇంకా ఎవరూ గట్టిగా అడగలేదు. నా మటుకు ఇదే అన్నిటికన్నా ముందు తేలాల్సింది. చదువు పొడవు మీద ఎంత వాదించినా, డాక్టరు చివరికి డబ్బు వచ్చే పనివైపే ఒరుగుతాడు.

పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాల 2024లో 50 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. ఆ మొదటి బ్యాచ్‌లో ఒకరు ఒక్క ఏడాదీ వృథా కాకుండా కార్డియాలజీ దాకా వెళ్లినా 2036 కంటే ముందు డీఎం పట్టా రాదు. అతనికో ఆమెకో పాడేరులో క్యాథ్ ల్యాబ్ ఉంటుందో లేదో ఇప్పుడు చెప్పలేం. ఆ పన్నెండేళ్లూ అక్కడి ఈసీజీలు చూడాల్సింది మాత్రం ఇప్పుడున్న డ్యూటీ డాక్టర్లే. వాళ్లకు ఏడాదికోసారి శిక్షణ, ఇంజెక్షన్ నిల్వ, రాత్రిపూట ఫోనెత్తే నిపుణుడు కావాలి. వీటికి సీట్లూ కౌన్సెలింగూ అక్కర్లేదు, బడ్జెట్ పద్దు ఉంటే చాలు.